మేనల్లుడికి ఒక త్రీ నాట్ త్రీ

ఒహాయోలో ఉండే మా మేనల్లుడు ఈమధ్య ఒక పాత మిలిటరీ రైఫిల్ కొన్నాడు. లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 4. మనవాళ్లకు త్రీ నాట్ త్రీ (.303) అంటేనే తెలుస్తుంది. శనివారం పూట రేంజ్‌కి వెళ్లి కాగితం టార్గెట్ మీద కాల్చుకోవడం వాడి సరదా. అంతకుమించి దానితో వాడికి వేరే పని లేదు. కొనేముందు మా ఇద్దరి మధ్య కొన్ని నెలలు ఫోటోలు, కొలతలు, వాదనలు నడిచాయి. వాడు అక్కడ పొద్దున షాపుకి వెళ్లి వీడియో కాల్ చేసేవాడు. ఇక్కడ బెంగళూరు జాలహళ్లిలో నాకు అది రాత్రి భోజనం అయ్యే వేళ. "మామా, ఇది చూడు, ఎంత బాగుందో" అని వాడు తిప్పి చూపిస్తుంటే, "పైన చూసింది చాలు, బోల్ట్ తీసి లోపల చూపించరా" అని నేను. వాడి స్నేహితులు ఒకరిద్దరు కూడా ఇవే ప్రశ్నలు అడుగుతున్నారట. అందుకే మేం మాట్లాడుకున్నదంతా ఒకచోట రాసిపెడుతున్నాను.

మాది హిందూపురం. అనంతపురంలో డిగ్రీ చదివేటప్పుడు ఎన్‌సీసీలో .22 రైఫిల్‌తో మొదలుపెట్టాను. ఒక క్యాంపులో త్రీ నాట్ త్రీ కాల్చనిచ్చారు. భుజానికి తగిలిన ఆ దెబ్బ, చెవుల్లో ఆ హోరు ఇప్పటికీ గుర్తున్నాయి. తర్వాత బెంగళూరు వచ్చి ఒక పబ్లిక్ సెక్టర్ ఫ్యాక్టరీలో చేరాను. టూల్ రూమ్ ఇన్‌స్పెక్షన్. రిటైరయ్యేదాకా మైక్రోమీటర్లు, ప్లగ్ గేజ్‌లు, హార్డ్‌నెస్ టెస్టర్ల మధ్యే పని. ఇప్పుడు ఆదివారాలు క్లబ్ రైఫిల్‌తో 50 మీటర్ల ప్రోన్ (బోర్లా పడుకుని కాల్చే) షూటింగ్ చేస్తుంటాను. కాబట్టి తుపాకీ గురించి నాకున్న ఇష్టం సగం షూటర్‌ది, సగం ఇన్‌స్పెక్టర్‌ది. కింద రాసిందంతా ఆ రెండో సగం మాట్లాడుతోంది అనుకోండి.

ముందుగా ఒక విషయం. ఇది చదివి ఇక్కడ ఎవరైనా "నేనూ ఒక త్రీ నాట్ త్రీ కొనుక్కుంటా" అనుకుంటే కుదరదు. 1959 ఆయుధాల చట్టం కింద .303, 7.62 లాంటి మిలిటరీ బోర్లు (బోర్ అంటే బ్యారెల్ లోపలి వ్యాసం) ప్రొహిబిటెడ్ బోర్, అంటే నిషిద్ధ బోర్ కిందకి వస్తాయి. మామూలు లైసెన్సు మీద అవి ఇవ్వరు. సైన్యం తూటా పౌరుల తుపాకీలో పట్టకూడదన్నది బ్రిటిష్ వాళ్ల కాలం నుంచీ ఉన్న ఆలోచన. అందుకే మన ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ లైసెన్సుదారుల కోసం .315 స్పోర్టింగ్ రైఫిల్ అని వేరే బోర్‌లో తయారు చేసింది. దాని బోల్ట్ (తూటాను లోపలికి తోసి వెనక నుంచి మూసే ఉక్కు కడ్డీ) చూస్తే లీ-ఎన్‌ఫీల్డ్ పోలికలు ఎవరికైనా తెలిసిపోతాయి. టార్గెట్ షూటింగ్ మీద ఇష్టం ఉంటే ఇక్కడ దారి వేరు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తో మొదలుపెట్టి, క్లబ్‌లో చేరి .22 కి వెళ్లడం. అది తక్కువదేం కాదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుశాలే 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో కాంస్యం తెచ్చింది ఆ .22 తోనే.

అమెరికాలోనూ ఎవరు పడితే వాళ్లు వెళ్లి కొనడానికి లేదు. హెచ్-1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్లకు తుపాకీ కొనడం, దగ్గర పెట్టుకోవడం మామూలుగా నిషేధం. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి గానీ, వాటి మీద ఆధారపడేముందు లాయర్‌ని అడగాలి. మావాడికి గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి షాపులో ఫారం నింపి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యాక కొనగలిగాడు. రాష్ట్రాన్ని బట్టి రూల్స్ మారతాయి, అవి విడిగా చూసుకోవాలి.

ఈ గ్రీన్‌కార్డు దగ్గరే మా మొదటి ఆశ పోయింది. మావాడికి ఈ పిచ్చి పట్టింది క్యాంప్ పెర్రీలో. ఈరీ సరస్సు ఒడ్డున ఉంది ఆ రేంజ్. అక్కడ ఏటా పాత మిలిటరీ రైఫిళ్లతోనే పోటీలు జరుగుతాయి. ఎం1 గరాండ్ రైఫిల్ రూపొందించిన జాన్ గరాండ్ పేరు మీద ఒక మ్యాచ్ ఉంది. 200 గజాల దూరం, లెక్కలోకి వచ్చేవి 30 షాట్లు: పడుకుని నెమ్మదిగా పది, పడుకుని వేగంగా పది, నిలబడి పది. స్నేహితుడితో చూడటానికి వెళ్లి, తాతల వయసున్న వాళ్లు తమకంటే పెద్ద వయసున్న రైఫిళ్లతో గురి చూసి కొడుతుంటే వీడు కదల్లేకపోయాడు. పోటీలు నడిపే సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామే సైన్యం నుంచి వచ్చిన గరాండ్‌లను బాగుచేసి, గేజ్‌లు పెట్టి చూసి, గ్రేడ్లు కట్టి అమ్ముతుంది. పాత రైఫిల్ కొనడానికి అంతకంటే నమ్మకమైన చోటు నాకు తెలియదు. కానీ వాళ్లు అమెరికా పౌరులకే అమ్ముతారు. మావాడికి ఆ దారి మూసుకుపోయింది. మిగిలింది షాపులు, గన్ షోలు. అంటే కొలిచి ఇచ్చే సంస్థ లేదు, మనమే కొలుచుకోవాలి.

ఈ సరుకులో దాదాపు ప్రతి దాని మీదా "రీఫర్బిష్డ్" అని చీటీ ఉంటుంది. ఆ చీటీ చూడగానే నేను మావాణ్ని అడగమన్నది ఒకటే. ఎవరు చేశారు? ఏ సంవత్సరంలో? గుర్తు ఎక్కడ వేశారు?

ఎందుకంటే దాని కింద రెండు పూర్తిగా వేర్వేరు పనులున్నాయి. ఒకటి సైన్యం తన ఫ్యాక్టరీలో చేసుకున్నది. బ్రిటిష్ వాళ్లు దీన్ని ఫ్యాక్టరీ థరో రిపేర్ అనేవాళ్లు. రైఫిల్‌ని పూర్తిగా విప్పి, ప్రతి భాగాన్ని గేజ్‌తో చూసి, అరిగిన బ్యారెల్ మార్చి, మళ్లీ బిగించి, పరీక్షగా కాల్చి చూసి, ఎడమ పక్కన ఎఫ్‌టీఆర్ అని సంవత్సరంతో సహా చెక్కేవాళ్లు. ఆ మూడు అక్షరాలు నాకు చాలా విలువైనవి. ఒక ఇన్‌స్పెక్టర్ తన స్టాంపు వేశాడంటే, ఆ ముక్క ఫెయిలైతే తనను పిలిచి అడుగుతారని తెలిసే వేస్తాడు. నేనూ నా స్టాంపుని ఉద్యోగమంతా అలాగే చూసుకున్నాను.

రెండోది షాపువాడు చేసేది. కట్టెను సాండ్‌పేపర్‌తో గీకి వార్నిష్ కొట్టడం, ఇనుమును బఫ్ చేసి మళ్లీ నల్లగా బ్లూయింగ్ చేయడం. పాత ఇంటికి సున్నం కొట్టి అద్దెకు చూపించినట్టే. చూడటానికి బాగుంటుంది. గోడలో చెమ్మ మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. పైగా ఈ పని కొన్నిసార్లు నష్టం కూడా చేస్తుంది. లీ-ఎన్‌ఫీల్డ్‌లో ముందు కట్టె బ్యారెల్‌ని, రిసీవర్‌ని (బోల్ట్ కదిలే ఉక్కు ఒళ్లు) ఎక్కడ తాకాలి, ఎక్కడ తాకకూడదు అన్నది గురిని నిర్ణయిస్తుంది. లోపల కాస్త ఎక్కువ గీకితే చాలు, గుండ్లు చెల్లాచెదురైపోతాయి.

షాపు మెరుగును పట్టుకోవడం కష్టం కాదు. టార్చిని ఏటవాలుగా పట్టి అక్షరాల అంచులు చూడాలి. ఫ్యాక్టరీలో పంచ్ కొట్టిన అక్షరం చుట్టూ ఇనుము కాస్త ఉబికి ఉంటుంది, అంచు పదునుగా ఉంటుంది. బఫింగ్ చక్రం తగిలితే ఆ అంచు కరిగిపోయి అక్షరం నిస్సత్తువగా కనిపిస్తుంది. స్క్రూ రంధ్రాల నోళ్లు గిన్నెలా లోపలికి వాలిపోతాయి. కోణాలుగా ఉండాల్సిన చోట్లు గుండ్రమవుతాయి. మావాడికి మొదట తెగ నచ్చిన రైఫిల్ ఒకటి ఉండేది, పాత మార్క్ 3 లీ-ఎన్‌ఫీల్డ్. అద్దంలా మెరుస్తోంది. సంవత్సరం అంకెలు ఒక పక్క కనిపించి ఒక పక్క మాయమయ్యాయి. బ్యారెల్ మీద కప్పిన పై కట్టె, అదే హ్యాండ్‌గార్డ్ తీసి చూడనిస్తారా అని అడగమన్నాను. తీసి చూపించారు, కాదనలేదు. కట్టె కింద దాగి ఉన్న బ్యారెల్ భాగమంతా తుప్పు తిన్న గుంటలు. కనిపించే భాగం మాత్రం నున్నగా ఉంది. వాడికి మనసు కష్టమైంది గానీ ఆ రాత్రే దాన్ని వదిలేశాడు.

సైన్యం చేసిన రీఫర్బిష్ అయినంత మాత్రాన అన్నీ ఒకటే కావు. రష్యా వాళ్ల మోసిన్-నగాంట్ 91/30 రైఫిళ్లను రెండో ప్రపంచయుద్ధం తర్వాత సోవియట్ ఆయుధశాలలు పెద్ద సంఖ్యలో బాగుచేసి, గ్రీజులో ముంచి దాచాయి. ఎర్రగా మెరిసే షెల్లాక్ కట్టె, పాత నంబరు కొట్టేసి కొత్తగా కొట్టిన బోల్ట్ నంబరు, ఇవి వాటి గుర్తులు. వాళ్ల లక్ష్యం మళ్లీ యుద్ధం వస్తే పేలే తుపాకీ సిద్ధంగా ఉండటం. టార్గెట్ మీద గ్రూప్ (గుండ్లు పడ్డ గుంపు) ఎంత చిన్నగా వస్తుందన్నది వాళ్ల లెక్కలో లేదు. ఈ మోసిన్‌లలో కొన్నింటికి మజిల్ (బ్యారెల్ ముందు కొన) దగ్గర లోపల నుంచి డ్రిల్ చేసి ఉంటుంది. క్లీనింగ్ రాడ్ రాసుకుని రాసుకుని చివర రైఫ్లింగ్ (బుల్లెట్‌ని తిప్పే మెలికల గాడులు) అరిగిపోతే, అరిగినంత మేరా తొలిచేసి లోపల మంచి రైఫ్లింగ్ దగ్గర కొత్త అంచు ఇచ్చారన్నమాట. పై నుంచి చూస్తే బ్యారెల్ నోరు వెడల్పుగా కనిపించి భయం వేస్తుంది. నిజానికి అది సరిగ్గా చేస్తే తెలివైన మరమ్మతే.

నా మనసు దోచింది మాత్రం స్వీడన్ వాళ్ల పద్ధతి. వాళ్ల ఎం/96 మౌజర్ కట్టె వెనక భాగంలో ఒక ఇత్తడి బిళ్ళ ఉంటుంది. బ్యారెల్ లోపలి కొలత ఎంత, లోపల ఏ స్థితిలో ఉంది అన్నది దాని మీద గుర్తులతో ఉంటుంది. సిపాయి చేతిలోనే ఇన్‌స్పెక్షన్ రిపోర్టు! నేను పనిచేసిన చోట మెషీన్ల మీద అలాంటి బిళ్ళలు పెట్టమని ఎంతోమంది పోరాడాల్సి వచ్చింది. అయితే ఆ బిళ్ళ స్క్రూతో బిగించింది. ఏళ్ల మీద బిళ్ళలు, కట్టెలు మారిపోయి ఉంటాయి. దాన్ని చదవాలి, చదివాక మళ్లీ బ్యారెల్ కూడా చూడాలి.

ఇక్కడ హీట్ ట్రీట్‌మెంట్ గురించి ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. అమెరికా సైన్యం ఎం1903 స్ప్రింగ్‌ఫీల్డ్ అందమైన రైఫిల్. కానీ స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధశాలలో 8,00,000 కంటే తక్కువ నంబరున్నవి, రాక్ ఐలండ్‌లో 2,85,507 కంటే తక్కువ నంబరున్నవి కాల్చవద్దంటారు. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో వాటిలో కొన్ని పగిలిపోయాయి. విచారిస్తే తేలిందేమిటి? కొలిమిలో ఉక్కు ఎంత వేడెక్కిందో అనుభవం ఉన్న పనివాళ్లు రంగు చూసి చెప్పేవాళ్లు. ఎండ బాగా కాసే రోజు ఆ వెలుతురులో ఎర్రటి ఉక్కు మసకగా కనిపించి, ఇంకా వేడి చాలలేదనిపించేది. మబ్బు రోజుకీ ఎండ రోజుకీ తేడా 300 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా వచ్చింది. ఎక్కువ కాలిన ఉక్కు గాజులా పెళుసెక్కింది. 1918లో పద్ధతి మార్చి, పైరోమీటర్లు (కొలిమి వేడి కొలిచే పరికరాలు) పెట్టారు. ఆ పనివాళ్లు అజాగ్రత్త మనుషులు కారు, ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు. మా హీట్ ట్రీట్‌మెంట్ షాపులో కూడా రంగు చూసి డిగ్రీలు చెప్పగల పెద్దవాళ్లు ఉండేవాళ్లు. వాళ్ల మీద నాకు ఎంతో గౌరవం. అయినా వేడి కొలిచే థర్మోకపుల్ చూడకుండా ఎవరి ముక్కా పాస్ చేయలేదు. మావాడికి ఒక 1903 చవకగా దొరికేలా ఉంటే నంబరు అడిగాను. ఆరు లక్షల చిల్లర. కొత్త బ్యారెల్ వేశారు, కొత్త కట్టె వేశారు, రిసీవర్ మాత్రం ఆ పాతదే. దాన్ని ఏ రీఫర్బిషింగూ బాగుచేయలేదు. గోడకు పెట్టుకోవడానికైతే సరే.

అలాగే ఇంకొకటి. రిసీవర్ మీద, బ్యారెల్ మీద, బోల్ట్ మీద, కట్టె మీద ఎక్కడైనా డీపీ అన్న అక్షరాలు కనిపిస్తే కొనవద్దు. డ్రిల్ పర్పస్. మన ఎన్‌సీసీలో కవాతుకి ఇచ్చేవి ఇలాంటివే. కాల్చడానికి పనికిరాదని సైన్యం తీర్పు ఇచ్చాకే వాటి మీద ఆ ముద్ర పడుతుంది. ఎందుకు పనికిరాదో మాత్రం రైఫిల్ మీద రాసి ఉండదు. బ్యారెల్ అరిగి ఉండొచ్చు, రిసీవర్‌లో పగులు ఉండొచ్చు. అలాంటివి భాగాలు మార్చి మళ్లీ సంతలోకి వస్తాయి. గన్ షోలో మావాడు చూసిన ఒకదానికి ఆ అక్షరాల మీద ఆకురాయి పెట్టిన గీతలున్నాయి. చెరిపేయాలని ఎవరికో అనిపించిందంటేనే నాకు చాలు.

ఇక అసలు కొలతలు. బోల్ట్ తీసేసి, బ్యారెల్‌లోంచి శుభ్రమైన గుడ్డ లాగించి, ఆ తర్వాతే లోపల చూడాలి. ఎన్‌సీసీలో పుల్‌త్రూ అనే తాడుకి చిందీ కట్టి లాగినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. నూనె, గ్రీజు ఉంటే ఎంత పాడైన బ్యారెలైనా మెరుస్తుంది. తుడిచాక రైఫ్లింగ్ అంచులు పదునుగా ఉన్నాయా, చాంబర్ (తూటా కూర్చునే గది) ముందు భాగంలో కాలిపోయి పాము చర్మంలా పగుళ్లు వచ్చాయా, మధ్యలో ఎక్కడైనా ఉంగరంలా నీడ ఉందా చూడాలి. ఆ నీడ ఉంటే ఎప్పుడో లోపల బుల్లెట్ ఇరుక్కుని ఉండగా ఇంకొకటి కాల్చి ఉబ్బించారని అర్థం. లోపల కాస్త మసకగా, చిన్న చిన్న చుక్కలుగా ఉంటే నేను పెద్దగా పట్టించుకోను. గ్రూవులు నల్లగా ఉండి, గట్లు మాత్రం నిలిచి ఉన్న బ్యారెళ్లు బాగానే కొడతాయి. పట్టించుకోవాల్సింది మజిల్. బుల్లెట్ చివరగా వదిలి వెళ్లే ఆ అంచు చుట్టూ సమానంగా ఉండాలి. ఒక పక్క పుల్‌త్రూ తాడు రాసుకుని గాడి పడినా, రాడ్ రాసుకుని కోడిగుడ్డులా అయినా, బుల్లెట్‌ని వెనక నుంచి తోసే గ్యాస్ ఒక పక్క నుంచి ముందు బయటపడి దాన్ని పక్కకి నెడుతుంది. మిగతా రైఫిల్ ఎంత బాగున్నా లాభం లేదు.

తర్వాత హెడ్‌స్పేస్. బోల్ట్ మూశాక, బోల్ట్ ముఖానికీ తూటా ఆనుకునే చోటికీ మధ్య ఎంత జాగా ఉంది అన్నది. .303 తూటాకి వెనక అంచు ఉంటుంది కాబట్టి ఆ అంచు మందం దగ్గరే కొలత. బ్రిటిష్ సైన్యం లెక్కలో 0.064 అంగుళాల గేజ్ మీద బోల్ట్ మూసుకోవాలి, 0.074 గేజ్ మీద మూసుకోకూడదు. అంటే 1.63, 1.88 మిల్లీమీటర్లు. ఈ పావు మిల్లీమీటరు జాగాలోనే అంతా ఉంది. ఎక్కువైతే తూటా ఇత్తడి కేసు (మందు ఉండే గొట్టం) సాగి, వెనక తెగి, వేడి గ్యాస్ మొహం వైపు వచ్చే ప్రమాదం ఉంది. నంబర్ 4 లో దీనికి మంచి ఏర్పాటు చేశారు. బోల్ట్ తల విడిగా స్క్రూ అవుతుంది. 0 నుంచి 3 దాకా నంబర్లతో, ఒక్కొక్కటి కొంచెం పొడవుగా. అరుగుదల వస్తే పై నంబరు తల వేసి సరిచేసేవాళ్లు. కొనేముందు తల మీద నంబరు చూడాలి. 0 గానీ 1 గానీ ఉంటే ఇంకా సర్దుబాటుకి చోటుంది. 3 వేసి ఉందంటే ఇక పై మెట్టు లేదు. గేజ్‌లు సొంతంగా లేకపోతే గన్‌స్మిత్ దగ్గర కొలిపించడానికి డబ్బు ఖర్చు పెట్టాలి. ఇందులో బేరం వద్దని గట్టిగా చెప్పాను.

నంబర్లన్నీ కలవాలని కలెక్టర్లు పట్టుబడతారు. షూటర్‌కి అంత అక్కర్లేదు. మ్యాగజీన్ నంబరు, కట్టె నంబరు వేరైనా టార్గెట్‌కి తెలియదు. బోల్ట్ నంబరు, రిసీవర్ నంబరు మాత్రం కలవాలి. బోల్ట్‌ని లాక్ చేసే లగ్స్‌ని ఆ రిసీవర్‌కే సరిపోయేలా రాసి కూర్చోబెడతారు కాబట్టి.

ఇన్ని చూశాక లిస్టు తగ్గిపోయింది. స్విట్జర్లాండ్ కె31 ని మావాడు చాలా ఇష్టపడ్డాడు. బోల్ట్ తిప్పనక్కర్లేదు, నేరుగా వెనక్కి లాగి ముందుకు తోయడమే. పనితనం గడియారాల దేశానిదని చూడగానే తెలుస్తుంది. కొన్నింటిలో కట్టె వెనక చివర బట్ ప్లేట్ విప్పితే ఆ రైఫిల్ వాడిన సైనికుడి పేరు, ఊరు రాసిన చీటీ దొరుకుతుంది. కానీ దాని 7.5×55 తూటా అన్ని చోట్లా ఉండదు, మావాడి ఊళ్లో అయితే అస్సలు లేదు. స్వీడిష్ మౌజర్ 6.5×55 తూటా భుజానికి మెత్తన, గురికి గొప్ప. నన్నడిగితే కేవలం కాగితం మీద గ్రూప్ కోసమే అయితే అదే కొనమంటాను. అయితే దాని వెనక సైట్ (గురి చూసే భాగం) బ్యారెల్ మీద దూరంగా ఉండే తెరిచిన గాడి. నలభై దాటి చత్వారం మొదలైన మావాడికి గాడి, ముందు పోస్టు, టార్గెట్ మూడూ ఒకేసారి స్పష్టంగా కనబడటం లేదు.

నా మనసు ఇంకోదాని మీద ఉంది. ఇషాపూర్ 2ఏ1. 1962 చైనా యుద్ధం తర్వాత మన ఇషాపూర్ ఫ్యాక్టరీ 7.62 నాటో తూటా కోసం తయారు చేసిన లీ-ఎన్‌ఫీల్డ్. పాత .303 లను మార్చి చేసినవి కావు, కొత్తగా మెరుగైన ఉక్కుతో చేసినవి. కొంచెం చతురస్రంగా కనిపించే 12 తూటాల మ్యాగజీన్ దాని గుర్తు. తూటా ఎక్కడైనా దొరుకుతుంది. ఒక భారతీయ ఫ్యాక్టరీ పనివాళ్ల చేతుల్లోంచి వచ్చిన రైఫిల్ ఒహాయో రేంజ్‌లో మనవాడి చేతిలో ఉంటే నాకు ఎంత సంతోషమో వేరే చెప్పాలా? ఒకటి దొరికింది కూడా. రిసీవర్ మీద ఆర్ఎఫ్ఐ అన్న అక్షరాలు చూడగానే ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. మజిల్ చూపించమన్నాను. ఒక పక్కకి బాగా అరిగిపోయి ఉంది. ఎంత చూసినా అది అరిగిందే. "వద్దులే నాయనా" అని నేనే అన్నాను. మంచి మజిల్ ఉన్నది ఎప్పుడైనా దొరికితే రెండో రైఫిల్‌గా అదే. 7.62 నాటో, .308 వించెస్టర్ చూడటానికి ఒకటిలాగే ఉన్నా చాంబర్ కొలతల్లో తేడా ఉందని, అది కొన్నప్పుడు తూటా చూసి ఎంచుకోవాలని కూడా చెప్పి ఉంచాను.

చివరికి కొన్నది నంబర్ 4 మార్క్ 1/2. పేరులో ఆ భిన్నం ఊరికే రాలేదు. పాత మార్క్ 1 లో ట్రిగ్గర్ కింది ట్రిగ్గర్ గార్డ్‌కి వేలాడుతుంది. గార్డ్ కట్టెకి బిగించి ఉంటుంది. వర్షాకాలం కట్టె ఉబ్బినా, ఎండాకాలం కుదించుకున్నా ట్రిగ్గర్ నొక్కే తీరు మారిపోతుంది. మార్క్ 2 లో ట్రిగ్గర్‌ని నేరుగా రిసీవర్‌కే తగిలించి ఈ చిక్కు తీర్చారు. పాత మార్క్ 1 లను ఫ్యాక్టరీకి తెచ్చి అదే పద్ధతికి మార్చినవి మార్క్ 1/2 లు. మావాడి దాని మీద ఫజకర్లీ ఫ్యాక్టరీ ఎఫ్, పక్కన ఎఫ్‌టీఆర్, సంవత్సరం. అక్షరాల అంచులు పదును. బ్యారెల్ అయిదు గ్రూవులది. బోల్ట్ తల 1. బోల్ట్, రిసీవర్ నంబర్లు కలిశాయి. హెడ్‌స్పేస్ గన్‌స్మిత్ కొలిచి చీటీ రాసిచ్చాడు. కట్టె మీద దెబ్బలు, నల్లటి నూనె మరకలు ఉన్నాయి. షాపులో మిగతావాటి పక్కన పెడితే అందులో అన్నింటికంటే పాతగా కనిపించేది ఇదే. కంటికి దగ్గరగా ఉండే చిన్న రంధ్రం లాంటి వెనక సైట్ మావాడి కంటికి హాయిగా ఉంది. ఆ రంధ్రంలోంచి చూస్తే పోస్టు, టార్గెట్ రెండూ స్పష్టమవుతాయి, రంధ్రాన్ని కన్ను దానంతటదే మధ్యకి తెచ్చుకుంటుంది.

తూటాల విషయంలో ఒకే జాగ్రత్త చెప్పాను. పాత మిలిటరీ .303 దొరికితే చవక అని ఎగబడవద్దు. వాటి ప్రైమర్‌లో (తూటా వెనక నిప్పు పుట్టించే చిన్న మూత) ఉండే పొటాషియం క్లోరేట్ పేలాక బ్యారెల్‌లో ఉప్పులా మిగులుతుంది. అది గాలిలో తేమను పీల్చి రాత్రికి రాత్రే తుప్పు మొదలుపెడుతుంది. నూనె ఆ ఉప్పును కరిగించదు, వేడినీళ్లే కరిగిస్తాయి. ముందు వేడినీళ్లు, తర్వాత ఆరబెట్టి నూనె. ఆ కాలం సిపాయిలందరికీ ఇది అలవాటే. మావాడు కొత్తగా తయారైన ప్రివి పార్టిజాన్ కంపెనీ తూటాలు, 174 గ్రెయిన్ల బుల్లెట్ బరువున్నవి, వాడుతున్నాడు. వాటితో ఈ గొడవ లేదు. కాల్చిన ఇత్తడి కేసులు మాత్రం ఏరి దాచమన్నాను. వెనక భాగం దగ్గర మెరిసే గీత కనబడిందా అని ఒక్కొక్కటీ నాకు ఫోటో పంపుతాడు. లీ-ఎన్‌ఫీల్డ్ బోల్ట్ వెనక లాక్ అవుతుంది, చాంబర్ వదులుగా ఉంటుంది. కేసు సాగడం ఇందులో సహజం, ఎంత సాగుతోందో తెలిసి ఉండాలి.

రేంజ్‌కి తీసుకెళ్లాడు. 100 గజాల దగ్గర ఇసుక బస్తా మీద ఆనించి కాల్చిన గ్రూప్ నాలుగు అంగుళాల లోపే వచ్చింది. కాకపోతే అంతా టార్గెట్‌కి పైన. వాడికి టెన్షన్, "రైఫిల్ బాగాలేదా మామా?" అని. గ్రూప్ ఒకచోటే పడుతోందంటే రైఫిల్ బాగున్నట్టే, పైకి కొడుతోందంటే సైట్ సంగతి. ఈ వెనక సైట్ 200 గజాల నుంచి మొదలవుతుంది. అంతకంటే దగ్గర పెడితే పైకి కొట్టడం దాని స్వభావం. నంబర్ 4 ముందు సైట్ బ్లేడ్లు 0.015 అంగుళాల తేడాతో వేర్వేరు ఎత్తుల్లో దొరుకుతాయి, ఎత్తు ఎంతో బ్లేడ్ మీదే రాసి ఉంటుంది. ఒక మెట్టు ఎత్తైన బ్లేడ్ వేస్తే 100 గజాల దగ్గర గుండు దాదాపు రెండు అంగుళాలు కిందకి దిగుతుంది. వాడి దానికి 45 ఉంది, 60, 75 రెండూ తెప్పించాడు. 60 వేశాక ఇంకొంచెం పైనే పడుతోంది. వచ్చే శనివారం 75 వేసి, దాన్ని అలాగే ఉంచి 200 గజాల దగ్గర ఎక్కడ పడుతుందో చూస్తాడు.